నల్లని పట్టీలు – నిశ్చల చిత్రాలు

కదలని ఛాయాచిత్రానికి కదలిక కల్పించి కథ చెప్పించడం వీడియో ఎడిటింగ్‌లో ప్రసిద్ధమైన ప్రక్రియ. చిత్రాన్ని మెల్లగా పెద్దది చేస్తూనో, ఒక అంచు నుంచి మరొక అంచుకు జరుపుతూనో చూపితే ప్రేక్షకుని దృష్టి దాని వెంట నడుస్తుంది. 1990లో ప్రసారమైన ‘ది సివిల్ వార్’ డాక్యుమెంటరీలో అమెరికా దర్శకుడు కెన్ బర్న్స్ పాత ఫోటోలను ఇలాగే ఉపయోగించారు. ఈ పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది.

ఇటువంటి దృశ్యాలకు పైన, కింద నల్లని పట్టీలు చేర్చడమూ వాడుకలో ఉంది. దీనికి మూలం వెండితెర. టెలివిజన్ పోటీని తట్టుకోవడానికి హాలీవుడ్ 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్‌ను ప్రవేశపెట్టింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’. సినిమాస్కోప్ దృశ్యం వెడల్పు ఎత్తుకు సుమారు 2.35 రెట్లు; పాత టెలివిజన్ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లు మాత్రమే. విశాలమైన దృశ్యాన్ని కత్తిరించకుండా ఆ తెరలో ఇమిడిస్తే పైన, కింద మిగిలే ఖాళీయే నల్లని పట్టీ. అంటే బొమ్మను పూర్తిగా చూపడం కోసమే పట్టీ పుట్టింది. సినిమా శోభ కోసం దానినే బొమ్మ మీద పరిచినప్పుడు మాత్రం అది బొమ్మను దాచివేస్తుంది.

మదనపల్లెలో బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915లో వెలిసింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అక్కడ విడిది చేసి ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు. ఇటువంటి విద్యాచరిత్ర గల సీమలో పలమనేరు విద్యార్థులు తమ బడిలోని పాత బృంద ఛాయాచిత్రంతో లఘుచిత్రం తలపెట్టారనుకుందాం. నడుమ కుర్చీలలో ఉపాధ్యాయులు, ముందు నేల మీద చిన్నపిల్లలు, వెనుక బల్లలెక్కి పెద్ద విద్యార్థులు, ఒక అంచున గంట కొట్టే బంట్రోతు.

వీడియో ఫ్రేము 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు. 1920ని 2.35తో భాగిస్తే సుమారు 817 వస్తుంది. మిగిలిన 263ను సగం చేస్తే ఒక్కొక్క పట్టీకి దాదాపు 131 పిక్సెళ్లు. 3:2 నిష్పత్తి గల ఫోటోను ఫ్రేము వెడల్పుకు సరిపెడితే దాని ఎత్తు 1280 అవుతుంది. అందులో కనిపించేది 817 మాత్రమే. మూడవ వంతుకు పైగా మరుగున పడుతుంది. ఉపాధ్యాయులు మిగులుతారు, పిల్లలు మాయమవుతారు.

దీనికి పరిష్కారం కదలికలోనే ఉంది. పట్టీలను ఫోటోకు అతికించక, పై ట్రాకులో వేరుగా, నిశ్చలంగా ఉంచాలి. కదలికను కింది ట్రాకులోని ఫోటోకే ఇవ్వాలి. రెండింటినీ ముందే కలిపివేస్తే ఫోటోతో పాటు పట్టీలూ పెరుగుతాయి, జరుగుతాయి. నేల మీది పిల్లలతో ఆరంభించి పది సెకన్లలో వెనుక వరుసకు చేరితే ప్రతి ముఖమూ తెర మీదికి వస్తుంది. ఫోటోను ఒకటిన్నర రెట్లు పెంచదలిస్తే కనీసం 2880 పిక్సెళ్ల వెడల్పుతో స్కాన్ చేయాలి. లేనిచో ముఖాలు మసకబారుతాయి.

మరొక మార్గమూ ఉంది. పట్టీలు వేయక వీడియోనే 1920×816 కొలతతో భద్రపరచవచ్చు. అవసరమైన చోట ఖాళీని చూపే పరికరమే నింపుకొంటుంది. పట్టీలు కలిసిపోయిన వీడియోను పొడవాటి సెల్‌ఫోన్‌లో చూస్తే బొమ్మ చుట్టూ నాలుగు వైపులా నలుపే మిగులుతుంది.

పట్టీ ఒక అలంకారం. పాత ఫోటో ఒక ఊరి సాక్ష్యం. పట్టీ వేసే ముందు దాని కింద ఎవరు నిలిచి ఉన్నారో చూడడం ఎడిటర్ తొలి కర్తవ్యం.