జ్వరం బిళ్లతో చీముగడ్డ మానదు



కాలికి చీముగడ్డ లేచి, జ్వరంతో వచ్చిన మనిషికి జ్వరం బిళ్ల ఒక్కటే ఇచ్చి పంపితే ఏమవుతుంది? ఆ పూటకు జ్వరం తగ్గుతుంది, మర్నాటికి మళ్ళీ వస్తుంది. గడ్డ కోసి చీము తీసి, రోజూ కట్టు మార్చి, షుగరు ఉందేమో పరీక్ష చేస్తేనే అతడు కోలుకుంటాడు. ఈ సంగతి మీలో చాలామందికి తెలుసు. కంప్యూటర్ల భద్రత విషయంలోనూ ఇదే సూత్రమని మేము కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాము.

రోగికి దీనితో ఏమి పని?

మీ ఓ.పి. నంబరు, రక్తపరీక్షల ఫలితాలు, ఎక్స్‌రేలు, మీ ఒంటికి పడని మందుల వివరాలు ఇప్పుడు చాలా ఆస్పత్రులలో కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. అవి తెరుచుకోకపోతే చికిత్స ఆలస్యమవుతుంది. పరాయివారి చేతిలో పడితే మీ ఇంటి గుట్టు బయటపడుతుంది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రిలో ఇదే జరిగింది. దొంగలు బయటినుండి చొరబడి, 5 సర్వర్లలో ఉన్న సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తెరవడానికి వీలులేకుండా తాళం వేశారు. దాదాపు రెండు వారాలపాటు అక్కడ చాలా పనులు చేతిరాతతోనే నడిచాయి. వేరే సర్వరులో దాచిన నకలు చెడిపోకుండా ఉండబట్టి ఆస్పత్రి రికార్డులు తిరిగి దక్కాయి.

ఇది ఎందువల్ల జరిగిందో ప్రభుత్వం తరువాత పార్లమెంటులో తెలిపింది. నెట్‌వర్కును సరిగా విభాగాలుగా విడదీయకపోవడమే కారణమని చెప్పింది. ఇది మా నర్సులకు సులువుగా అర్థమయ్యే మాట. ఆటలమ్మ పోసిన పిల్లవాణ్ణి బాలింతల వార్డులో పడుకోబెడితే ఏమవుతుంది? జబ్బు మంచం నుండి మంచానికి పాకుతుంది. అందుకే వేరే గది ఇస్తాము. కంప్యూటర్లకూ అలాంటి గోడలు కావాలి. గోడలు కట్టకుండా చెడిన సర్వరును మాత్రం బాగు చేయించుకుంటే అది జ్వరం బిళ్ల వైద్యమే.

అంతకుముందు 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ఎన్నో దేశాలలో కంప్యూటర్లను పట్టింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు చెందిన వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ వైరస్ దూరే కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14న, అంటే సుమారు రెండు నెలల ముందే ఇచ్చింది. మందు ఇంట్లోనే ఉంది గాని వేసుకోలేదన్నమాట. అప్పటికప్పుడు అప్‌డేట్ వేస్తే ఈ వైరస్ ఆగుతుంది. కాని వచ్చే వైరస్ ఆగాలంటే, మందు ఎందుకు వేయలేదో, వేయించే బాధ్యత ఎవరిదో తేల్చాలి.

మా వార్డులో చీటీ

కొన్నేళ్ళ క్రితం మా వార్డు కంప్యూటరుకు పాస్‌వర్డ్ రాసిన చీటీ అంటించి ఉండేది. వచ్చే పోయే వారందరికీ కనబడేది. మేము చీటీ చింపేసి సిస్టర్లను మందలించేవారము. వారం తిరిగేసరికి మరో చీటీ! ఒకనాడు కోప్పడడం మాని, "ఎందుకమ్మా ఇలా అంటిస్తున్నారు?" అని అడిగాము. "మేడమ్, పదిమందికీ ఒకటే పాస్‌వర్డ్. నెలకోసారి మారుస్తారు. రాత్రి డ్యూటీకి వచ్చినవాళ్ళకు కొత్తది ఎవరు చెబుతారు? అర్ధరాత్రి రోగి బ్లడ్ గ్రూపు చూడాలంటే ఏం చేయాలి?" అన్నారు.

తప్పు మేము పెట్టిన పద్ధతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. ప్రతి సిస్టరుకూ విడిగా పాస్‌వర్డ్ ఇప్పించాము. మరచిపోతే రాత్రివేళ కూడా ఫోన్ చేయడానికి ఒక మనిషిని ఏర్పాటు చేశాము. ఆ తరువాత చీటీ కనబడలేదు.

మీ ఇంట్లో చేయవలసినవి

1. ఫోను అప్‌డేట్ అడిగితే వాయిదా వేయవద్దు. పాతబడి అప్‌డేట్లు రావడం ఆగిపోయిన ఫోనులో బ్యాంకు పనులు చేయవద్దు.

2. అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టవద్దు. ఒక తాళంచెవి పోతే అన్ని గదులూ తెరుచుకుంటాయి.

3. మెసేజీలో వచ్చిన లింకు నొక్కి ఏ యాప్‌నూ ఎక్కించుకోవద్దు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు.

4. ముఖ్యమైన మెడికల్ రిపోర్టుల నకళ్ళు కాగితంపై కూడా ఉంచుకోండి.

5. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ తెలపండి.

చివరిగా ఒక మనవి. ఇంట్లో పెద్దవారు మోసపోతే వారిపై కేకలు వేయవద్దు. తిట్లకు భయపడినవారు రెండోసారి మోసపోయినా చెప్పరు. అప్పుడు పోయిన డబ్బును ఆపే అవకాశం కూడా పోతుంది. ప్రక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు ఫోన్ చేశారు, ఏమని నమ్మించారు, ఏమి నొక్కమన్నారు అని నెమ్మదిగా అడగండి. గాయం ఎక్కడుందో రోగి చెబితేనే కదా మేము కట్టు కట్టగలిగేది!

— నర్సింగ్ సూపరింటెండెంట్