వేలిముద్ర పడకపోతే బియ్యం లేనట్టేనా?

“మనకెక్కడిస్తార్లే” అనుకుని రేషన్ కార్డుకు దరఖాస్తే పెట్టని అర్హులు ఊరూరా ఉన్నారు. వాళ్ళు విన్న మాటల్లో చాలావరకు నిజం కాదు.

అపోహ: పొలం ఉంటే కార్డు రాదు.

వాస్తవం: తెలంగాణలో మాగాణి 3.5 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాల వరకు ఉన్నా అర్హులే. ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి నెలకు పల్లెలో 10 వేలు, పట్టణంలో 12 వేలు. భూమి మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10. అక్కడ కారు ఉంటే కార్డు రాదు గానీ, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్లకు ఆ షరతు లేదు.

అపోహ: వేలిముద్ర పడకపోతే ఆ నెల బియ్యం పోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరుగుతున్నది ఇక్కడే. నాట్లేసి, కలుపు తీసి అరిగిన వేళ్ళు వేలిముద్ర మిషన్‌కు అందవు. అవ్వ వేలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, మళ్ళీ పడదు. “రేపు రా అవ్వా” అంటాడు డీలరు. కార్డులో పేరున్న ఇంకెవరు వేలు పెట్టినా చాలని ఆమెకు ఎవరూ చెప్పరు. 2017లో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో, ఆధార్ జతకాలేదని కార్డు తీసేసిన ఇంట్లో పదకొండేళ్ళ పాప చనిపోయింది. అన్నం లేకే పోయిందని తల్లి చెప్పింది. ప్రభుత్వం కాదంది. ఆ ఏడాది అక్టోబరులోనే కేంద్రం రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది: ఆధార్ లేదనో, వేలిముద్ర కలవలేదనో అర్హులకు గింజలు ఆపకూడదు. కార్డు చూసి ఇచ్చి, ఆ సంగతి విడిగా రిజిస్టరులో రాయాలి.

మగదిక్కు లేకపోతే కార్డు ఇవ్వరన్నదీ తప్పే. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దావిడే కార్డుకు ఇంటి యజమాని.

అపోహ: వలస వెళితే కార్డు పనికిరాదు.

వాస్తవం: ఆహార భద్రత చట్టం కిందకు వచ్చే కార్డయితే దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. 2019 ఆగస్టులో ఇది మొదలైంది మన రెండు రాష్ట్రాల మధ్య, గుజరాత్–మహారాష్ట్రల మధ్యే. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చిన మేస్త్రీ తన వాటా ఇక్కడే తీసుకోవచ్చు, ఇంటిదగ్గరున్నవాళ్ళు మిగతాది అక్కడ తీసుకుంటారు. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చేది మాత్రం బయట అందదు. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులూ ఉన్నాయి కాబట్టి, మీది ఏ రకమో బయల్దేరే ముందే కనుక్కోండి.

డీలరు కాదంటే 1967కు ఫోన్ చేయండి. అర్హులకు ఇవ్వవలసిన గింజలు ఇవ్వకపోతే బదులుగా డబ్బు ఇవ్వాలని ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్‌లోనే ఉంది.