బట్టతలకు మూలకణ చికిత్స

బట్టతలకు మూలకణ చికిత్స అనగా చర్మంలోని మూలకణాలను గానీ, వాటికి తోడ్పడే కణాలను గానీ ఉపయోగించి తలపై వెంట్రుకలను తిరిగి మొలిపించే ప్రయత్నం. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

వెంట్రుక పెరిగే విధానం

మనిషి తలపై సుమారు లక్ష రోమకూపాలు ఉంటాయి. ఒక్కొక్క రోమకూపం కొన్ని సంవత్సరాలు వెంట్రుకను పెంచి, కొంతకాలం విశ్రమించి, తిరిగి కొత్త వెంట్రుకను మొదలుపెడుతుంది. ఈ చక్రానికి ఆధారం మూలకణాలు. ఇవి రోమకూపం పైభాగంలోని ఒక చిన్న ఉబ్బులో ఉంటాయని 1990లో జార్జ్ కాట్సారెలిస్ తదితరులు ఎలుకలలో గుర్తించారు. రోమకూపం అడుగున డెర్మల్ పాపిల్లా అనే కణాల ముద్ద ఉంటుంది. మూలకణాలను మేల్కొలిపే సంకేతాలు దీని నుండి వెలువడతాయి.

బట్టతలలో జరిగే మార్పు

పురుషులలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోను ప్రభావం వలన రోమకూపాలు క్రమంగా కుంచించుకుపోతాయి. వెంట్రుకలు సన్నబడి, చివరకు నూగుగా మారతాయి. 2011లో కాట్సారెలిస్ బృందం ఒకే వ్యక్తి తలపై జుట్టు ఉన్న చోటు, లేని చోటు చర్మాన్ని పోల్చి చూసింది. మూలకణాలు రెండు చోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి. కానీ వాటి నుండి పుట్టి వెంట్రుకను నిర్మించే తరువాతి దశ కణాలు బట్టతల భాగంలో బాగా తగ్గిపోయాయి. నిద్రాణంగా ఉన్న మూలకణాలను తిరిగి పనిచేయించవచ్చుననే ఆశకు ఇదే ఆధారం.

పరిశోధనలు

* పాపిల్లా కణాలను పెంచడం: వెంట్రుకల మార్పిడి శస్త్రచికిత్స ఉన్న రోమకూపాలను ఒకచోటి నుండి మరొకచోటికి మారుస్తుందే తప్ప వాటి సంఖ్యను పెంచదు. పాపిల్లా కణాలను పళ్ళెంలో పెంచితే అవి వెంట్రుకను పుట్టించే శక్తిని కోల్పోతాయి. 2013లో కొలంబియా, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాటిని వేలాడే ద్రవబిందువులలో ఉండలుగా పెంచి, ఎలుకలపై అతికించిన మానవ చర్మంలో ఉంచారు. ఏడు ప్రయోగాలలో ఐదింటిలో వెంట్రుకలు మొలిచాయి.
* మూలకణాలను ఉత్తేజపరచడం: మూలకణాలలో లాక్టేట్ ఉత్పత్తిని పెంచితే వెంట్రుకల పెరుగుదల త్వరగా మొదలవుతుందని 2017లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకలలో చూపారు.
* చర్మాన్ని తయారుచేయడం: 2020లో కార్ల్ కోహ్లర్ బృందం మానవ మూలకణాల నుండి రోమకూపాలతో కూడిన చర్మాన్ని ప్రయోగశాలలో పెంచింది.

జాగ్రత్తలు

రోగి రక్తం నుండి తీసి తలలోకి ఎక్కించే ప్లేట్‌లెట్ల ప్లాస్మా మూలకణ చికిత్స కాదు. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధుల వంటి వాటికి చేసే రక్త మూలకణ మార్పిడి మాత్రమే ఆమోదిత చికిత్స. మిగిలిన వాటిని అనుమతి పొందిన ప్రయోగాలలో భాగంగానే చేయాలి. కావున రుసుము తీసుకుని మూలకణాలతో జుట్టు మొలిపిస్తామనే ప్రకటనలను నమ్మరాదు.