పదహారు ఖాళీ కుర్చీలు

కోదాడలో బస్సెక్కి మునగాల మీదుగా సూర్యాపేటలో దిగడానికి ఇప్పుడు గంట పట్టదు. 1947లో ఆ కాస్త దారిలోనే రెండుసార్లు సరిహద్దు దాటాలి. కోదాడ నిజాం రాజ్యం. మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. చుట్టూ నిజాం భూమి, నడుమ ఈ తునక. అది దాటితే సూర్యాపేట, మళ్లీ నిజాం. 1959లో గానీ మునగాల నల్గొండ జిల్లాలో కలవలేదు.

దేశానికి రాజ్యాంగం రాసేందుకు 1946 జూలైలో రాష్ట్రాల శాసనసభ్యులు ఓట్లేసి రాజ్యాంగ సభను ఎన్నుకున్నారు. మద్రాసు నుంచి దుర్గాబాయి, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, ఎన్.జి. రంగా లాంటివాళ్లు వెళ్లారు. అంటే మునగాల రైతు తరఫున మాట్లాడడానికి ఢిల్లీలో ఎవరో ఒకరున్నారు. అటు కోదాడ రైతుకు, ఇటు సూర్యాపేట రైతుకు, దిగువన మిర్యాలగూడ రైతుకు ఎవరూ లేరు. హైదరాబాద్ సంస్థానానికి కేటాయించిన పదహారు స్థానాలూ చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. నిజాం చేరనన్నాడు. 1947 జూన్‌లో, ఇంగ్లీషువాళ్లు వెళ్లాక తనది స్వతంత్ర రాజ్యమేనని ఫర్మానా జారీ చేశాడు. ఆ కొత్త దేశానికి సైన్యం ఉంది, నాణెం ఉంది, రైలు ఉంది. ప్రజలు రాసుకున్న రాజ్యాంగం ఒక్కటే లేదు.

అయితే ఈ తాలూకాల్లో జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అదే 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ కబురు అందుకున్న ఊళ్లు ఒకటొకటిగా గుత్పలు పట్టి లేచాయి. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో రైతుల పక్షాన నిలిచిన ఆంధ్ర మహాసభ జనం నోట ఉత్త ‘సంగం’ అయింది. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. కరివిరాల నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు స్వరాజ్యం తుపాకీ పట్టిన రోజులవి.

సంగం చట్టం

విప్లవం వచ్చాక రాజ్యాంగం ఎలా పుడుతుందంటే చరిత్ర పుస్తకాలు మనల్ని ఫిలడెల్ఫియాకో పారిస్‌కో తీసుకెళ్తాయి. నల్గొండ పల్లెల్లో అది పుట్టిన తీరు వేరు. ఎవరూ పీఠిక రాయలేదు. మొదట ఆగింది వెట్టి. చాకలి దొర గడిలో బట్టలు ఉతకనవసరం లేదు. కుమ్మరి ఊరికే కుండలివ్వనవసరం లేదు. మాదిగ పైసా తీసుకోకుండా చెప్పులు కుట్టిపెట్టనవసరం లేదు. అధికారి ఊరికొస్తే గొల్ల మందలోంచి గొర్రెను పట్టివ్వనవసరం లేదు. ఆ తరువాత ధాన్యం అప్పుల నాగు పత్రాలు, అప్పు పత్రాలు మంటల్లో పడ్డాయి. కూలి రేట్లు పెరిగాయి. పటేల్ పట్వారీలు పట్నానికి పారిపోయిన ఊళ్లలో గ్రామరాజ్య కమిటీలు కూర్చున్నాయి. పొలం గట్టు తగాదా, చెరువు నీళ్ల వంతు, ఆలుమగల పంచాయితీ, బంజరు పంపకం అన్నీ వాటి ముందుకే వచ్చాయి.

అసలు చిక్కు భూమి దగ్గర వచ్చింది. సూర్యాపేట తాలూకాలో ఎర్రపహాడ్ జన్నారెడ్డి దొరల భూమి లక్షన్నర ఎకరాలని చెప్పుకునేవారు. దొర దగ్గర ఎంత ఉంచాలి? మొదట ఐదు వందల ఎకరాలన్నారు. పంచడం మొదలెట్టేసరికి ఆ లెక్క చాలలేదు. రెండు వందలకు దించారు. చివరికి మెట్ట వంద ఎకరాలు, నీరు పారే తరి పది ఎకరాల దగ్గర నిలిపారు. చట్టసభలో అయితే దీన్ని సవరణ అంటారు. ఇక్కడ ఊరి అవసరమే సవరణ తెచ్చింది. దాదాపు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో లెక్క రాశారు. ఉద్యమకారుడి లెక్క కాబట్టి అటూ ఇటూ ఉన్నా, అందులో సగమే నిజమనుకున్నా చిన్న సంగతి కాదు.

అలాగని గ్రామరాజ్యాన్ని బంగారు పల్లకీలో ఊరేగించడం నాకిష్టం లేదు. ఆ చట్టానికి పై కోర్టు లేదు. సంగం సాయుధ దళం తీర్పు చెబితే దానిమీద అప్పీలు ఎక్కడ? ఇన్ఫార్మరని అనుమానపడితే రుజువు ఎవరు అడుగుతారు? యుద్ధంలో ఉన్న ఊరు ప్రతిపక్షాన్ని ఓర్చుకోదు. మనిషికి ఏం దక్కాలన్నది సంగానికి స్పష్టంగా తెలుసు. తన అధికారానికి ఎక్కడ గీత గీయాలన్నది మాత్రం అది తేల్చుకోలేదు, తేల్చుకునే వ్యవధీ దానికి దొరకలేదు.

1948 సెప్టెంబర్ 13 ఉదయం విజయవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడలో అడుగుపెట్టింది. నాలుగు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. నిజాం పక్షాన ఊళ్లమీద పడిన రజాకార్ల పీడ వదిలిందని ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరయ్యాడు. ఆ వెంటనే సైన్యం సంగం మీదికి తిరిగింది. పారిపోయిన దొరలు మిలిటరీ నీడన తిరిగొచ్చారు, పంచిన భూములు చాలాచోట్ల వాళ్ల చేతికే వెళ్లాయి.

ఆరు వారాల తేడా

రాజ్యాంగం ఒక నేలమీదికి ఏ రోజున వస్తుందన్నది తేదీ ముచ్చట కాదు, ప్రాణం ముచ్చట. తెలంగాణ పోరాట కేసుల్లో కొందరికి ప్రత్యేక ట్రిబ్యునల్ 1949 ఆగస్టులో ఉరిశిక్ష వేసింది. డిసెంబర్ మధ్యలో హైదరాబాద్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, కొత్త సుప్రీంకోర్టూ దానితో వచ్చింది. ఖైదీలు దాని తలుపు తట్టారు. ‘జనార్దనరెడ్డి’ కేసుగా న్యాయవాదులు నేటికీ చదివేది దీన్నే. 136వ అధికరణం కింద దేశంలోని దాదాపు ఏ కోర్టు తీర్పు మీదైనా అప్పీలుకు అనుమతించే అధికారం సుప్రీంకోర్టుకుంది. అయితే జనవరి 26కు ముందు హైదరాబాద్ హైకోర్టు భారత భూభాగంలోని కోర్టే కాదు కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు వినలేమని 1950 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. 1948లో హైదరాబాద్ భారత్‌లో అంతర్భాగమంటూ సైన్యం వచ్చింది. 1949 డిసెంబర్‌లో అదే హైదరాబాద్ కోర్టు, భారత కోర్టు కాదు. ట్యాంకుకు లేని సరిహద్దు అప్పీలు కాగితానికి ఉంది! చట్టం లెక్కలో తీర్పు సరైనదే కావచ్చు, జడ్జీలు ముందున్న అక్షరాన్నే చదివారు. ఆ అక్షరాలు రాసినప్పుడు పదహారు కుర్చీల్లో ఎవరో ఒకరు కూర్చుని ఉంటే, మా కోర్టుల్లో ఇంకా నడుస్తున్న కేసుల సంగతేమిటని అడిగి ఉండేవారేమో. ఖైదీల తరఫున లండన్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. హెబియస్ కార్పస్ పిటిషన్లు కూడా 1951 మార్చిలో వీగిపోయాయి. దేశంలో, బయటా ఆందోళన సాగాక చివరికి ఉరి తప్పి శిక్ష యావజ్జీవంగా మారింది.

రాజు చేసిన సంతకం

హైదరాబాద్‌కు రాజ్యాంగం వచ్చిన దారి ఇంకా చిత్రం. 1949 నవంబర్ 23న నిజాం ఫర్మానా ఇచ్చాడు, భారత రాజ్యాంగమే హైదరాబాద్ రాజ్యాంగమని. మూడు రోజులకు ఢిల్లీలో రాజ్యాంగ సభ ఆ రాజ్యాంగాన్ని ఆమోదించింది. విప్లవం లేచింది ఎవరి మీదనో ఆయన సంతకంతోనే విప్లవ గడ్డకు రాజ్యాంగం వచ్చింది. ఆయనే రాజప్రముఖ్‌గా రాష్ట్రాధినేత కూడా అయ్యాడు.

ఆ ఫర్మానాలో ఒక మెలిక ఉంది. ఈ ఆమోదం రాష్ట్ర ప్రజల సమ్మతికి లోబడి ఉంటుందని, అందుకు రాష్ట్రానికి విడిగా రాజ్యాంగ సభ ఏర్పడుతుందని రాశారు. అమెరికాలో 1787లో తలుపులు మూసుకుని రాసిన పత్రాన్ని కూడా రాష్ట్రాల సభల ముందు పెట్టి ఒప్పించుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఆ సభ ఎన్నడూ కూర్చోలేదు.

మరి జనం సమ్మతి ఎప్పుడు దొరికినట్టు? నా మట్టుకు నేను 1952 అంటాను. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. హైదరాబాద్‌లో పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి కొద్ది నెలల్లోనే పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో ఎన్నికల్లోకి దిగారు. వెట్టి చేసిన మనిషికీ, చేయించుకున్న దొరకూ ఓటు విలువ ఒక్కటే. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లొచ్చాయి, నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ. రెండేసి ఓట్ల ద్విసభ్య నియోజకవర్గమది, అందుకే అంత లెక్క అనేవాళ్లుంటారు. నెహ్రూదీ ద్విసభ్య నియోజకవర్గమే. నల్గొండలో రిజర్వుడు స్థానం నుంచి సుంకం అచ్చాలు గెలిచారు. సూర్యాపేట నుంచి ధర్మభిక్షం శాసనసభకు వెళ్లారు. 175 స్థానాల సభలో ఫ్రంట్‌కు 42 దక్కాయి. అధికారం కాంగ్రెస్‌ది. ఎదురుబెంచీల్లో కూర్చున్నవాళ్లలో జైళ్లనుంచి, అజ్ఞాతం నుంచి వచ్చినవాళ్లున్నారు. సంగానికి లేనిది, ప్రతిపక్షం, ఇక్కడ వాళ్లకే దొరికింది. తరువాత భీమిరెడ్డి నరసింహారెడ్డి మిర్యాలగూడ నుంచి మూడుసార్లు, 1971, 1984, 1991లో, లోక్‌సభకు వెళ్లి ఆ రాజ్యాంగం మీదే ప్రమాణం చేశారు. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు.

సంగం కోరినవాటిలో వెట్టి నిషేధం 23వ అధికరణంగా రాజ్యాంగంలోనే ఉంది. భూమి దగ్గర మాత్రం రాజ్యాంగం తడబడింది. 31వ అధికరణం ఆస్తి హక్కును కాపాడుతుందని జమీందార్లు కోర్టుకెక్కారు. రాజ్యాంగానికి ఏడాదిన్నర నిండకముందే, 1951లో, మొదటి సవరణతో తొమ్మిదో షెడ్యూలు పెట్టి పదమూడు భూచట్టాలను కోర్టులు కదపకుండా అందులో దాచారు. మునగాల లాంటి జమీందారీలున్న మద్రాసు ప్రెసిడెన్సీ ఎస్టేట్ల రద్దు చట్టం తొమ్మిదోది. చివరి రెండూ హైదరాబాద్ జాగీర్లవి.

కమతాలకు గట్టి పరిమితి మాత్రం 1973 దాకా రాలేదు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం, నేల రకాన్ని బట్టి, తరికి పది నుంచి ఇరవై ఏడు ఎకరాలు, మెట్టకు ముప్పై ఐదు నుంచి యాభై నాలుగు ఎకరాలు గరిష్ఠమంది. ఐదుగురున్న కుటుంబానికి అంతకు మించి ఉండకూడదు. సంగం పెట్టిన తరి పదెకరాల పరిమితి ఇందులో కింది అంచున కనిపిస్తుంది. మెట్ట విషయంలో సర్కారు చట్టం సంగం కంటే కఠినం, అక్కడ వంద ఉంటే ఇక్కడ యాభై నాలుగు దాటదు. కాగితం మీద మాట ఇది. 1974లో ఈ చట్టమూ తొమ్మిదో షెడ్యూలులోకే చేరింది.