ఉదర క్యాన్సర్‌లో ఔషధ పరీక్షలు: రోగి దాచరానివి, అడగవలసినవి

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం చెబుతుంది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగూ గుణవంతమైనవైతేనే వ్యాధి లొంగుతుంది. రోగికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే. అవి జ్ఞాపకశక్తి, వైద్యుని ఆదేశాన్ని పాటించడం, నిర్భయత్వం, తన బాధను ఉన్నదున్నట్లు తెలియజెప్పగలగడం.

ప్రాచీనమైన ఈ మాట నేటి ఒక సందర్భానికి అక్షరాలా వర్తిస్తుంది. జీర్ణాశయం, పెద్దప్రేగు, కాలేయం, క్లోమం, పిత్తాశయం వంటి ఉదరావయవాలలో క్యాన్సర్ బయటపడినప్పుడు, "ఒక కొత్త చికిత్సకు క్లినికల్ ట్రయల్ జరుగుతున్నది, మీరు చేరతారా?" అని వైద్యుడు అడగవచ్చు. "మనిషి మీద ప్రయోగాలా?" అని కొన్ని కుటుంబాలు వెంటనే తిరస్కరిస్తాయి. కొత్త మందు కనుక తప్పక నయమవుతుందని మరికొన్ని ఆశపడతాయి. ఈ రెండింటికీ మూలం ఔషధ పరీక్ష అంటే ఏమిటో తెలియకపోవడమే.

తార్నాకలో పసుపుకు పరీక్ష

మౌలాలి నుండి లాలాపేట మీదుగా తార్నాకకు వస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం చెంతనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా ఆరంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇక్కడి శాస్త్రజ్ఞులు 1992లో ప్రచురించిన ఒక అధ్యయనం మన పాఠకులు తెలుసుకోదగినది.

పొగ త్రాగేవారి మూత్రంలో జన్యుపదార్థాన్ని మార్చివేయగల రసాయనాలు వెలువడుతుంటాయి. చిరకాలంగా పొగ త్రాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చి చూడగా, ఆ రసాయనాలు గణనీయంగా తగ్గాయి. పోలిక కోసం తీసుకున్న, పొగ త్రాగని ఆరుగురిలో మార్పు కనబడలేదు. పసుపు గుణం తరతరాలుగా ప్రసిద్ధమైనదే. అయినా దానిని కొలిచి, తూచి, పోల్చి చూచినప్పుడే ఎంతవరకు నిజమో తెలిసింది. అయితే ఇక్కడ తగ్గినవి మూత్రంలోని రసాయనాలు మాత్రమే. క్యాన్సర్ నయమైందని దీని అర్థం కాదు.

తరువాతి మెట్టు రోగులతోనే సాధ్యం. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం 25 మంది క్లోమ క్యాన్సర్ రోగులకు పసుపులోని కర్కుమిన్‌ను రోజుకు 8 గ్రాముల చొప్పున ఇచ్చి, 2008లో ఫలితాలు ప్రకటించింది. ఫలితాన్ని అంచనా వేయగలిగిన 21 మందిలో ఇద్దరిలోనే ప్రభావం కనిపించింది. ఒకరిలో వ్యాధి 18 నెలలకు పైగా పెరగక నిలిచింది. మరొకరిలో కణితి 73 శాతం తగ్గినా, ఆ మేలు కొద్దికాలమే నిలిచింది. వంశపారంపర్యంగా పెద్దప్రేగులో అసంఖ్యాకంగా పిలకలు పుట్టి క్యాన్సర్‌కు దారితీసే వ్యాధి ఒకటున్నది. ఆ వ్యాధిగ్రస్తులు 44 మందితో జరిగి 2018లో వెలువడిన పరీక్షలో, 12 నెలలు రోజుకు 3 గ్రాముల కర్కుమిన్ తీసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ భేదం కనబడలేదు.

ఇందువల్ల వంటింట్లో పసుపు స్థానం తగ్గదు. కాని క్యాన్సర్ చికిత్సకు బదులుగా పసుపును నమ్ముకొని కూర్చోరాదని ఆ రోగులు తమ శరీరాలతో మనకు తెలియజేశారు.

పరీక్షలోని దశలు

మొదటి దశలో కొద్దిమందికి మందునిచ్చి, ఎంత మోతాదు వరకు శరీరం తట్టుకొంటుందో చూస్తారు. రెండవ దశలో వ్యాధిపై అది పనిచేస్తున్నదా అని గమనిస్తారు. మూడవ దశలో వందలాది రోగులను చీటీలు వేసినట్లుగా విభజించి, ఒక వర్గానికి కొత్త చికిత్స, మరొక వర్గానికి ఇప్పటికే స్థిరపడిన చికిత్స ఇచ్చి పోల్చుతారు. మందు విపణిలోకి వచ్చిన తరువాత జరిగే పరిశీలన నాలుగవ దశ. మీరు ఏ వర్గంలోకి వస్తారో మీరు గాని, మీ వైద్యుడు గాని నిర్ణయించలేరు. మంచి చికిత్స స్థిరపడి ఉన్న వ్యాధిలో దానిని ఆపివేసి రోగిని ఉత్తుత్తి మాత్రతో సరిపెట్టరు. అటువంటి మాత్ర ఉంటే సాధారణంగా అసలు చికిత్సకు తోడుగానే ఉంటుంది.

పరీక్ష వల్ల కలిగే మేలు ఎంతటిదో మన దేశంలోని ఉదాహరణతోనే చూడవచ్చు. శస్త్రచికిత్సకు వీలుకాని పిత్తాశయ క్యాన్సర్ రోగులు 81 మందితో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన పరీక్ష 2010లో వెలువడింది. ఉపశమన వైద్యం మాత్రమే పొందినవారిలో సగం మంది సుమారు 4.5 నెలలకు మించి జీవించలేదు. జెమ్‌సైటబిన్, ఆక్సాలిప్లాటిన్ అనే రెండు మందులు కలిపి పొందిన వర్గంలో ఆ కాలం 9.5 నెలలకు పెరిగింది. ఇది అద్భుతం కాకపోవచ్చు. కాని తరువాతి రోగులకు ఏ చికిత్స ఇవ్వాలో తేల్చినది ఆ 81 మందే.

పరీక్షలన్నీ మందులకే పరిమితం కావు. పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగించుకున్న 889 మందితో జరిగిన పరీక్ష 2025లో ప్రకటితమైంది. మూడేళ్ళపాటు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారిలో 80 శాతం మంది ఐదేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా జీవించి ఉన్నారు. ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే పొందినవారిలో ఇది 74 శాతం. ఉస్మానియా ప్రాంగణంలో ఉదయపు నడక సాగించేవారికి ఈ వార్త ఉత్సాహమివ్వగలదు.

కషాయాన్ని దాచవద్దు

మన ఇళ్ళలో తరచుగా జరిగే పొరపాటు ఒకటున్నది. ఆసుపత్రి మందుతోపాటు ఇంట్లో కషాయమో, చూర్ణమో నడుస్తూనే ఉంటుంది. వైద్యుడు కోప్పడతాడేమోనని ఆ సంగతి చెప్పరు. చరకుడు చెప్పిన నాలుగవ గుణం ఇక్కడే లోపిస్తున్నది.

మిరియాల సంగతి చూడండి. రెండు గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అనగా మిరియాలలోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరే కర్కుమిన్ 20 రెట్లు పెరిగిందని బెంగుళూరులోని సెంట్ జాన్స్ వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు 1998లో తెలిపారు. పైపరిన్ కొన్ని ఇతర ఔషధాల మోతాదును కూడా రక్తంలో పెంచగలదు. చారులోని మిరియాలతో భయం లేదు. మాత్రల రూపంలో తీసుకునే సారాలతోనే జాగ్రత్త అవసరం.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన ఫోలిక్ ఆమ్లం బలానికి వాడే సాధారణ మాత్ర. కాని పెద్దప్రేగు, జీర్ణాశయ క్యాన్సర్లలో ఇచ్చే కేపసైటబిన్‌తో దానిని కలిపితే విరేచనాలు, నోటిపూత వంటి దుష్ఫలితాలు తీవ్రం కావచ్చు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు నివేదించారు. ఆ నివేదికను ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రశ్నించింది. వివాదం ఎలా ఉన్నా, పరీక్షలో ఉన్న రోగి కాలేయం దెబ్బతిన్నప్పుడు కషాయం సంగతి తెలియకపోతే వైద్యుడు నింద కొత్త మందుపై మోపుతాడు, లేదా మోతాదు మార్చి రోగికే కీడు చేస్తాడు. కనుక ఇంట్లో వాడుతున్న ప్రతి దానినీ ఒక కాగితంపై వ్రాసి వైద్యునికి చూపాలి.

ఆలస్యం కూడా ప్రమాదకరమే. ఆకలి మందగించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, కామెర్లు, మూడు వారాలు దాటిన అజీర్తి ఉంటే వాము, శొంఠిలతో కాలం గడపరాదు. శరీరం క్షీణించి మంచం పట్టినవారిని చాలా పరీక్షలలో చేర్చుకోరు.

సంతకానికి ముందు

2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే టీకా కార్యక్రమం జరిగింది. బాలికల తల్లిదండ్రులకు బదులుగా అనేక పత్రాలపై వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా నేడు ప్రపంచమంతటా ఉపయోగపడుతున్నది. దోషం సమ్మతి తీసుకున్న విధానంలో ఉన్నది. కనుక ఈ విషయాలు అడిగి తెలుసుకొనండి:

1. పరీక్ష భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా? 2009 జూన్ 15 నుండి ఔషధ పరీక్షలకు ఇది తప్పనిసరి. నమోదు సంఖ్య వ్రాసుకొనండి.

2. ఏ దశ పరీక్ష? ఇందులో చేరకపోతే నాకు లభించే చికిత్స ఏమిటి?

3. ఎథిక్స్ కమిటీ ఆమోదించినదా? సందేహం వస్తే అక్కడ ఎవరితో మాట్లాడాలి?

4. సమ్మతి పత్రం తెలుగులో ఉన్నదా? దాని ప్రతిని తప్పక తీసుకొనండి. ఇంటికి తెచ్చి చదివి, మరునాడు సంతకం చేసినా తప్పులేదు.

5. హాని కలిగితే వైద్యం, పరిహారం ఎవరు భరిస్తారు? 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల కలిగిన హానికి ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు రోగికి ఉన్నది.

6. పరీక్ష నిమిత్తం చేసే అదనపు పరీక్షలకు డబ్బు అడుగుతున్నారా? పరిశోధన ఖర్చును రోగిపై వేయరాదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొత్త చికిత్స పేరుతో పెద్ద మొత్తాలు కోరేవారిని నమ్మవద్దు.

చేరిన తరువాత కూడా ఏ క్షణమైనా, కారణం చెప్పకుండానే వైదొలగవచ్చు. అందువల్ల మామూలు వైద్యం నిరాకరించరాదు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా, మరెక్కడైనా, మీ వ్యాధికి తగిన పరీక్ష ఉన్నదేమోనని రోగియే ముందుగా అడగవచ్చు. పత్రంపై సంతకం రోగి స్వయంగా, అర్థం చేసుకొని చేయాలి. కుటుంబసభ్యులు ప్రక్కన కూర్చొని వినాలి, తోచిన ప్రశ్న అడగాలి, నిర్ణయాన్ని మాత్రం రోగికే విడిచిపెట్టాలి.