తలుపు తట్టే తోడు

మందులు ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. కానీ ఆ మాత్ర ఏళ్ల తరబడి ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకోవాలంటే..? ఇంటికొచ్చి 'ఎలా ఉన్నావమ్మా' అని అడిగే మనిషి కావాలి. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి ఆ తోడు అందించే ప్రయత్నమే ఇది.

ఫిలింనగర్ అనగానే తారల ఇళ్లూ స్టూడియోలే గుర్తొస్తాయి. ఆ తళుకుల పక్కనే ఇరుకు సందుల బస్తీలూ ఉన్నాయి. జూబ్లీహిల్స్ బంగళాల్లో పనిచేసేవారూ, డ్రైవర్లూ, కూలీలూ ఉండేది అక్కడే. కాస్త దూరంలోని కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల అడ్డా.

హెచ్‌ఐవీకి బంగళా, బస్తీ అన్న తేడా లేదు. తేడా అంతా గుట్టుగా చికిత్స కొనసాగించడంలోనే. బంగళాలో అయితే గది తలుపేసుకుని మాత్ర వేసుకోవచ్చు. ఒకే గదిలో ఆరుగురుండే ఇంట్లో ఆ డబ్బా ఎక్కడ దాచాలి? తెల్లవారుజామునే షూటింగ్‌కి రమ్మంటే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి? ఒక్కరోజు మానేస్తే కూలి పోతుంది. మాత్రలు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికే ఎందుకు?

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటిచోట్ల ఏఆర్‌టీ కేంద్రాలు వచ్చాయి. అయితే మందులు తీసుకెళ్లినవారంతా మళ్లీ రారు. కొందరికి కాస్త కోలుకోగానే 'తగ్గిపోయిందిలే' అన్న ధీమా. మరికొందరికి తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయం.

అలాంటివారిని వెతికి, నచ్చజెప్పి మళ్లీ చికిత్సకు తీసుకురావడానికే 2013లో జాతీయ కార్యక్రమంలో భాగంగా 'విహాన్' మొదలైంది. గ్లోబల్ ఫండ్ ఆర్థిక సాయంతో, స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా సంరక్షణ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వాటిలో పనిచేసేందుకు హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారినీ తీసుకున్నారు. 'నేనూ అదే మాత్ర వేసుకుంటున్నాను' అన్న ఒక్క మాట వంద సలహాల పెట్టు కదా!

కార్యకర్త ఏం చేస్తారు?

ముందు గుట్టు కాపాడతారు. ఆ పేరున్న సంచీ, కార్డూ పైకి కనిపించకూడదు. పక్కింటివాళ్లు ఎవరని అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. లోపలికెళ్లాక మాత్రలెన్ని మిగిలాయో చూస్తారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు... వీటి గురించి అడుగుతారు. ఎందుకంటే హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా బలి తీసుకునేది క్షయే. భార్యకో భర్తకో, పిల్లలకో పరీక్ష చేయించారా అని ఆరా తీస్తారు. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో, రక్తం తగిలే పనికి గ్లౌజులు ఎందుకు వేసుకోవాలో ఇంట్లోవాళ్లకు చెబుతారు. కలిసి తింటే, బట్టలు ఉతికితే, ముట్టుకుంటే ఇది అంటదని పదేపదే గుర్తుచేస్తారు.

ఇక మిగిలింది కాగితాల పని. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛన్లలో ఎయిడ్స్ రోగులకూ చోటిచ్చారు. మొదట్లో నెలకు 1,000 రూపాయలు. 2019లో అది 2,016 అయింది. అలాంటి సాయానికి దరఖాస్తు నింపడం నుంచి ఆఫీసుకు తోడు వెళ్లడం దాకా ఒక మనిషి అండ కావాలి. ఒక్కో కుటుంబం అవసరాలను ఇలా విడివిడిగా పట్టించుకోవడమే ఈ పనికి ప్రాణం.

చట్టమూ తోడుంది

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగం తీసేయకూడదు. ఇల్లు ఖాళీ చేయించకూడదు. బడిలో సీటు నిరాకరించకూడదు. అనుమతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు.

వైద్యమూ మారింది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. ఆరోగ్యం నిలకడగా ఉంటే మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారు. రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే ఉంటే లైంగికంగా భాగస్వామికి సోకదని పరిశోధనల్లో తేలింది.

2021 అంచనాల ప్రకారం దేశంలోని పెద్దల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.21 శాతం. తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అంటే ఇది ఇంకా మన ఇంటి సంగతే.

'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అంటూ ఒకప్పుడు ఊరూరా వెలసిన హోర్డింగులు గుర్తున్నాయా? ఆ రోజుల్లో అందరి నోటా అదే ప్రశ్న. ఇప్పుడు అడగాల్సింది వేరు... 'వచ్చినవారు ఎలా ఉన్నారు? మందులు వేసుకుంటున్నారా?' అని. ఆ మాట అడగడానికి కార్యకర్తలే కానక్కర్లేదు. మన గుమ్మంలోంచి మనమూ అడగొచ్చు.

సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.