సెబూ నగరపు సినులోగు ఉత్సవము – ఫిలిప్పీను ప్రజల పండుగ వస్త్రములు

ఒక జాతివారి చరిత్రమును గ్రంథములలో చదువవచ్చును, శాసనములలో చదువవచ్చును. వారు పండుగనాడు ధరించు వస్త్రములలోను చదువవచ్చును. గ్రంథములను పండితులు వ్రాసిరి. శాసనములను రాజులు వ్రాయించిరి. వస్త్రములనన్ననో నేతగాండ్రును, కుట్టుపనివారును, ఇండ్లలోని స్త్రీలును తరతరములుగా సిద్ధపరచుచు వచ్చిరి. కావున గ్రంథములకెక్కని సామాన్యజనుల చరిత్రము వస్త్రములయందు కొంత నిలిచియుండును. దీనికి నిదర్శనముగా ఫిలిప్పీను ద్వీపములలోని సెబూ నగరమున జరుగు సినులోగు అను ఉత్సవమును గూర్చియు, అందు కనబడు వస్త్రములను గూర్చియు ఈ వ్యాసమున వివరించెదను.

ఫిలిప్పీను దేశము దక్షిణ చైనా సముద్రమునకు తూర్పుననున్న 7,600కు పైబడిన ద్వీపముల సమూహము. స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు పేరనుండి ఆ ద్వీపములకు ఆ పేరు కలిగినది. 1565 మొదలు 1898 వరకు స్పెయినువారును, పిదప అమెరికావారును దానిని పాలించిరి. 1946 జూలై 4వ తేదీన అది స్వతంత్ర దేశమయ్యెను. ప్రజలలో అధికసంఖ్యాకులు రోమను కాథలికు క్రైస్తవులు. ఆ ద్వీపముల నడుమనున్న విసాయా ప్రాంతమునకు సెబూ ముఖ్యమైన రేవుపట్టణము.

1521వ సంవత్సరము ఏప్రిల్ మాసమున మగెల్లను అను నావికుడు స్పెయిను రాజు పక్షమున మూడు ఓడలతో సెబూ రేవు చేరెను. ఆయన వెంట వచ్చిన పిగాఫెట్టా అను ఇటలీ దేశస్థుడు తాను చూచిన సంగతులను శ్రద్ధతో వ్రాసియుంచెను. అతని వ్రాతవలన ఆ కాలపు సెబూ రాజగు హుమాబోను వేషము మనకు తెలియుచున్నది. రాజు తాటియాకుల చాపపై కూర్చుండియుండెను. నడుమునకొక గుడ్డయు, తలకు బుట్టాపని చేసిన వస్త్రమును, మెడలో విలువగల హారమును, చెవులకు రత్నములు పొదిగిన బంగారు పోగులును ధరించియుండెను. శరీరముపై పచ్చబొట్లుండెను. మగెల్లను ఆ రాజునకు పంపిన కానుకలలో పసుపుపచ్చని, ఊదావన్నెగల పట్టు అంగీ యొకటి. ఎఱ్ఱని టోపీ యొకటి. ఆ అంగీ తురుష్కుల రీతిని కుట్టబడినది. తురుష్కుల కుట్టు, స్పెయినువారి కానుక, విసాయా రాజు దేహము – ఇవి మూడును అచ్చట కలిసికొనినవి. ఇట్లు పలుదేశముల పోకడలు కలియుట నేటివరకు ఆ దేశపు వస్త్రములందు కొనసాగుచునే యున్నది.

ఏప్రిల్ 14వ తేదీన హుమాబోను బాప్తిస్మము పొందెను. రాణియు బాప్తిస్మము పొంది హువానా అను పేరు వహించెను. ఆమె తెలుపు నలుపు వన్నెల వస్త్రమును నిండుగా ధరించి, పెదవులను గోళ్లను ఎఱ్ఱగా తీర్చుకొని, తాటియాకులతో గొడుగువలె అల్లిన పెద్ద టోపీ పెట్టుకొనియుండెనని పిగాఫెట్టా వ్రాసెను. అప్పుడు ఆమెకు బాలయేసుయొక్క కొయ్య ప్రతిమ యొకటి ఇయ్యబడెను. ఏప్రిల్ 27వ తేదీన చేరువనున్న మక్తాను ద్వీపమున లాపులాపు అను నాయకుని మనుష్యులతో పోరాడి మగెల్లను మరణించెను. మిగిలిన స్పెయినువారు వెడలిపోయిరి. 44 సంవత్సరముల పిమ్మట, అనగా 1565లో, లెగాస్పి అను సేనాని మరల సెబూకు వచ్చినప్పుడు, తగులబడిన యిండ్ల నడుమ ఒక యింటిలో ఆ ప్రతిమ చెడక యుండుట సైనికుడొకడు చూచెను. సుమారు 12 అంగుళముల ఎత్తుగల ఆ ప్రతిమ నేటికిని సెబూ నగరపు బసిలికా దేవాలయమున నున్నది. దానిని గౌరవించుటకే సినులోగు ఉత్సవము జరుగును.

సెబూవారి భాషలో సులోగు అనగా నీటి ప్రవాహము. ఏటినీరు ముందుకు సాగుచు కొంత వెనుకకు తగ్గునట్లు, రెండడుగులు ముందునకు, ఒక్కడుగు వెనుకకు వేయుచు, మద్దెలల మ్రోతకు అనుగుణముగా ఆడు నాట్యమే సినులోగు. దేవాలయము ముంగిట క్రొవ్వొత్తులమ్ము స్త్రీలు ఈ నాట్యమును బహుకాలముగా నిలుపుకొని వచ్చిరి. తమయొద్ద క్రొవ్వొత్తులు కొనినవారి పక్షమున వానిని చేతబట్టి, ప్రార్థన పలుకుచు, మెల్లగా అడుగులు వేయుదురు. వీథులలో జరుగు గొప్ప ఊరేగింపు మాత్రము ఇటీవలిది. అది 1980లో మొదలయ్యెను. జనవరి మూడవ ఆదివారమునకు ముందు తొమ్మిది దినములు ప్రార్థనలు జరుగును. శనివారమున ప్రతిమను పూలతో అలంకరించిన ఓడపై సముద్రమున ఊరేగింతురు. ఆదివారమున నగరమునుండియు, ఇతర ద్వీపములనుండియు వచ్చిన నాట్యబృందములు వీథులవెంట పగలంతయు సాగిపోవును. "పిట్ సెన్యోర్" అని జనులు కేకలు వేయుదురు; ప్రభువును పిలువుడని దాని తాత్పర్యము. ప్రతి బృందమునకును ముందు రాణివేషము ధరించిన యువతి బాలయేసు ప్రతిమను ఎత్తిపట్టుకొని నాట్యమాడుచు పోవును. ఆమెను చూచినప్పుడు ప్రజలకు 1521 నాటి హువానా రాణి స్మరణకు వచ్చును.

ఇక ఆ స్త్రీల వస్త్రములను పరికింతము. విసాయా ప్రాంతపు సామాన్య స్త్రీల వస్త్రము పతద్యోంగు. ఇది గళ్లు గల గొట్టపుబట్ట. మన లుంగీవలె నడుమునకు చుట్టుకొందురు. దానిపై కిమోనా అను పలుచని వదులు రవిక ధరింతురు. స్పెయినువారి కాలమున పట్టణములలో బారో అను రవిక, సాయా అను పావడ, సాయాపై చుట్టు తాపీసు అను గుడ్డ, భుజములపై మడిచి వేసికొను పన్యువేలో అను నాలుగింటితో కూడిన వేషము ఏర్పడెను. దానిలో పెద్దయింటి స్త్రీలు ధరించు శ్రేష్ఠమైన రీతికి మరియా క్లారా అను పేరు వచ్చెను. ఈ పేరు హోసే రిజాలు 1887లో ప్రకటించిన 'నోలి మే టాంగెరే' అను నవలలోని కథానాయికది. కాలక్రమమున రవికయు పావడయు ఒకే వస్త్రముతో కుట్టుట వాడుకయై తెర్నో అను వేషము పుట్టెను. దాని చేతులు గంజిపెట్టి నిలిపినట్లుండి, భుజములపై సీతాకోకచిలుక రెక్కలవలె పైకి లేచియుండును. ఊరేగింపులోని రాణుల వేషములందు ఈ రెక్కల చేతులు తఱచుగా కనబడును.

పురుషుల గౌరవవస్త్రము బారోంగు తగాలోగు. ఇది పొడవు చేతులు గలిగి, ఎదుట బుట్టాపనితో నిండి, లోపలి చొక్కాయి కనబడునంత పలుచనగు అంగీ. దీనిని లాగులోనికి దోపక వెలుపల విడిచి ధరింతురు. దీనిని గూర్చి ఒక కథ మిక్కిలి ప్రచారములో నున్నది. స్పెయినువారు ఆ దేశీయులను అవమానించుటకై అంగీని వెలుపల విడువవలెననియు, ఆయుధములు దాచుకొనకుండుటకై పలుచని వస్త్రమునే ధరింపవలెననియు ఆజ్ఞాపించిరని ఆ కథ. ఇది నిజమైనచో ఆ దేశపు గౌరవవస్త్రము దాస్యచిహ్నమే యగును. కావున దీనిని జాగ్రత్తగా పరీక్షింపవలసియున్నది.

మొదటి సంగతి: అట్టి ఆజ్ఞ నిచ్చిన శాసనమేదియు చరిత్రకారులకు కానరాలేదు. రెండవది: ఆ దేశము ఉక్కయు తేమయు అధికముగా గల ఉష్ణదేశము. గాలి చొరబడు పలుచని అంగీని వదులుగా విడుచుట అచ్చటివారికి సుఖకరము. స్పెయినువారు రాకమునుపును అచ్చటి అంగీలు వెలుపల విడిచినవే. మూడవది: దమియాను దొమింగో అను చిత్రకారుడు 19వ శతాబ్దపు తొలిభాగమున ఆ దేశపు నానావర్గముల వేషములను చిత్రించెను. అందు ధనికులు సయితము అమూల్యమైన బుట్టాపని గల అంగీలను వెలుపల విడిచి, తలపై పొడవు టోపీ పెట్టి, చేతికఱ్ఱతో ఠీవిగా నిలిచియుందురు. అవమానచిహ్నముపై ఎవడును అంత ధనమును, అంత కుట్టుపనిని వ్యయపరచడు. ఈ మూడింటినిబట్టి ఆ కథ నమ్మదగినది కాదని తేలుచున్నది. పరపాలనలో ఆ ప్రజలు నిజముగా అనేక బాధలు పడిరి. ఆ బాధల జ్ఞాపకమే ఈ కథకు ఊపిరిపోసియుండవచ్చును. అయినను ఉన్న బాధలకు లేనిదానిని చేర్చుకొని తమ పూర్వుల నైపుణ్యమును తామే సిగ్గుగా ఎంచుకొనుట తగదు.

ఆ నైపుణ్యమెట్టిదో చూడుడు. బారోంగులలో ఉత్తమమైనవి పీన్యా అను వస్త్రముతో కుట్టబడును. పీన్యా అనగా అనాస. మనము పండు తిని ఆకులను పారవైతుము. వారు ఆ ఆకులనుండియే నార తీయుదురు. అనాసమొక్క అమెరికా ఖండమునుండి స్పెయినువారివలన ఆ ద్వీపములకు వచ్చినది. పానాయి ద్వీపముననున్న అక్లాను మండలములో, ముఖ్యముగా కలిబో పట్టణమున, ఈ నేత ప్రసిద్ధము. మొదట పగిలిన పింగాణిపళ్లెపు ముక్కతో ఆకును గీకి ముదుక నారను తీయుదురు. పిమ్మట కొబ్బరిచిప్ప అంచుతో మెల్లగా గీకి లోపలి సన్నని నారను తీయుదురు. దానిని కడిగి, ఆరవైచి, పోగు చివర మఱియొక పోగు చేర్చి చేతితో ముడివేయుదురు. ఈ ముడులు కంటికి కానరానంత చిన్నవి. ఇట్లు ముడివేసిన దారముతో మగ్గముపై నేయునప్పుడు పోగు తెగుటకు క్షణము చాలును. కావున దినమంతయు నేసినను కొలతకు వచ్చు వస్త్రము స్వల్పము. నేసిన వస్త్రమును లుసోను ద్వీపములోని లుంబాను, తాలు అను ఊళ్లలోని పనివారు సూదితో చిత్రపుబుట్టాలు తీర్చి, పోగులను లాగి జాలీవలె చేసి అలంకరింతురు. పేదలకు అబకా అను నార ఉపయోగపడుచుండెను. అరటి జాతికి చెందిన ఆ మొక్కనుండియే ఓడలకు కట్టు మనీలా తాడు తయారగును.

యంత్రములపై నేసిన చవుకబట్టలు వచ్చినపిదప పీన్యా నేత క్షీణించెను. నేడు అనేకులు ధరించు బారోంగులు కృత్రిమమైన నూలుతో నేసినవే. దూరమునుండి చూచువారికి రెండును ఒక్కటిగనే కనబడును. అందువలననే చేతినేతవారి జీవనమునకు ముప్పు కలిగినది. 2023 డిసెంబరులో యునెస్కో సంస్థ అక్లాను పీన్యా నేతను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చెను. ఆ గౌరవము మంచిదే గాని, పట్టికవలన మగ్గము కదలదు. వస్త్రమును కొనువారును, నేతను నేర్చుకొను పిల్లలును ఉండవలెను. ఏటేట వచ్చు పండుగలు జనులకు ఆ వస్త్రములను జ్ఞప్తికి తెచ్చుచుండుట నేతగాండ్రకు కొంత ఆసరా.

ఈ వస్త్రములు పండుగకే పరిమితములు కాలేదు. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని ఉద్యమము నడపిన ఫిలిప్పీను వనితలు తెర్నో ధరించియే సభలకు పోయిరి. తమ హక్కు కోరుటచేత తాము స్వదేశాచారమును విడిచినవారము కామని వారు వస్త్రముచేతనే చూపిరి. 1937 ఏప్రిల్ 30వ తేదీన స్త్రీలనే అభిప్రాయమడుగగా, కావలసిన 3,00,000 ఓట్లకు మించి 4,47,725 మంది అనుకూలముగా ఓటు వేసిరి. 1953 డిసెంబరు 30వ తేదీన రమోను మగ్సాయిసాయి దేశాధ్యక్షుడుగా ప్రమాణము చేసినప్పుడు పాశ్చాత్యుల కోటు విడిచి బారోంగు ధరించెను. అంతకుముందు ఏ అధ్యక్షుడును ఆ సమయమున అట్లు చేసియుండలేదు. అప్పటినుండి అది రాజసభలలోను, వివాహములలోను మొదటి గౌరవము పొందినది.

ఇక ఊరేగింపునకు కారణమైన ప్రతిమయొక్క వేషమును గూర్చి చెప్పవలెను. దానికి స్పెయిను రాజకుమారునివలె ఎఱ్ఱని అంగీ, బంగారు జరీపని, కిరీటము, రాజదండము, పాదములకు జోళ్లు కలవు. ఇండ్లలో ఉంచుకొను ప్రతిమలకు కొందరు జాలరి వేషమును, కొందరు రైతు వేషమును తొడుగుదురు. రాజువలె నున్నవాడు తమలో నొకడే యని సామాన్యులు చెప్పుకొను రీతి ఇది. పండుగ ముగిసిన శుక్రవారమున తెల్లవారకమునుపే దేవాలయమున హుబో అను ఆరాధన జరుగును. హుబో అనగా వస్త్రములను తీయుట. కిరీటమును, అంగీని, జోళ్లను ఒక్కొక్కటిగా తీసి, ప్రతిమను పరిమళజలముతో కడిగి, సాదావస్త్రము తొడుగుదురు. దానితో పండుగ సమాప్తమగును. ప్రతిమలను అలంకరించు ఆచారము మన సంఘములలో లేదు. అయినను అన్ని దినముల వైభవమును ఇట్టి నిరాడంబరముతో ముగించుటలోని భావము ఎల్లవారికిని గ్రాహ్యమే.

విద్యార్థులారా! పరదేశీయుల వేషమును పటములో చూచినప్పుడు వింతయని నవ్వి పుట త్రిప్పవలదు. ఆ వస్త్రము ఏ మొక్కనుండి వచ్చినది, ఎవరి చేతులు దానిని నేసినవి, దానిని గూర్చి చెప్పు కథకు ఆధారమేమి అని మూడు ప్రశ్నలు వేయుడు. అనాసాకునుండి వచ్చిన ఆ పలుచని అంగీ ఈ ప్రశ్నలకు ఎట్లు ఉత్తరమిచ్చినదో చూచితిరి. తలిదండ్రులును ఇంటిలోని పాతపెట్టె తెరచినప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అందలి చీర ఎవరు నేసినదో, పంచె ఎక్కడిదో చెప్పుదురుగాక. ఇది ఏ పాఠపుస్తకమునందును దొరకని పాఠము.